నలభై ఏడో నంబరు కుర్రాడి తొలి అడుగు

రీడింగ్‌ అనే ఇంగ్లండు ఊళ్ళో ఒక కార్పెట్ల షాపు పైన మూడు గదుల్లో శేషగిరి కంపెనీ ఉండేది. కింద షాపువాడు కార్పెట్ దులిపినప్పుడల్లా పైన ఎనిమిది మంది తెలుగు ఆడవాళ్ళు తుమ్మేవారు. ఆ తుమ్ముల మధ్యే పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చుని, అమెరికా కాలేజీ కుర్రాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు కుమ్ముకోవడం చూసేవారు. ఫుట్‌బాల్ అంటారు గానీ అందులో కాలితో తన్నేది బహు తక్కువ. ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆ ఆటంటే ప్రేమ లేదు. అందరూ భర్తల వీసా మీద వచ్చిన ఎమ్మెస్సీలు, బీటెక్కులు. పిల్లల్ని బడిలో దింపి రావచ్చు, బడి వదిలే వేళకి వెళ్ళిపోవచ్చు. అంతకన్నా వీలైన ఉద్యోగం వాళ్ళకి దొరకదు, అంతకన్నా నోరెత్తని మనుషులు శేషగిరికి దొరకరు. ఏటా ఉగాది పార్టీలో మైకు పట్టుకుని "మన ఆడపిల్లలకి ఉపాధి చూపించాను" అని చెప్పుకునేవాడు తెనాలి శేషగిరి. చప్పట్లు కూడా కొట్టించుకునేవాడు.

పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అమెరికాలో ఏటా ఏప్రిల్ చివర డ్రాఫ్ట్ జరుగుతుంది. డబ్బిచ్చి ఆడించుకునే క్లబ్బులు వంతుల వారీగా, ఏడు రౌండ్లలో, కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. మొదటి రౌండు వాళ్ళ సంగతి ఊరంతా ఎరుగుదురు. చిక్కంతా మూడు నుంచి ఐదు రౌండ్ల దాకా ఉండే మధ్యరకం వాళ్ళతోనే. తీసుకుంటే పనికొస్తాడా, గాలికి పోతాడా అని క్లబ్బులు జుట్టు పీక్కుంటాయి. అందుకని కుర్రాళ్ళ ఆటల వీడియోలు శేషగిరికి పంపి, ప్రతి కదలికనీ లెక్క కట్టించుకునేవి. వీడియోని ఒక్కొక్క బొమ్మగా ఆపుకుంటూ, బంతి కదిలిన బొమ్మ నుంచి కుర్రాడి పాదం లేచిన బొమ్మ దాకా ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టి ఇరవై ఐదుతో భాగించాలి. వచ్చింది సెకన్లు. అర సెకను దాటి ఇంకో అరవీసం పోయిందంటే షీటులో "ఆలస్యం" అని పడుతుంది. ఇరవై ఐదుతోనే ఎందుకో ఎవరూ అడగలేదు. గోడ మీద కాయితం అంటించి ఉంది, అంతే.

రెండు వేల ఐదు ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్ ఆ శని ఆదివారాల్లో ఉందనగా, సోమవారం పొద్దున్నే ఒక ఫ్యాక్స్ వచ్చింది. పంపింది ఒక క్లబ్బు తరఫున ఊరూరా తిరిగి ఆటగాళ్ళని చూసే డగన్ అనే పెద్దాయన. "నలభై ఏడో నంబరు, కర్టిస్ హోలోవే. వీడి ఆటలు రెండు నేను వర్షంలో తడుస్తూ చూశాను. వీడు ఆలస్యం చేసేవాడు కాదు. మీ ఫిబ్రవరి షీటు ఆలస్యమంటోంది. మీ మాట మీద మావాళ్ళు వీడి పేరు కొట్టేశారు. మనలో ఒకరు తప్పు. మళ్ళీ చూడండి. గురువారం సాయంత్రానికి మా జాబితా మూసేస్తారు." అదీ దాని సారాంశం.

ఆ షీటు చేసింది బాలమణి. అందుకని ఆ కుర్రాడి ఆటల వీడియో డిస్కు మళ్ళీ ఆమె చేతికే వచ్చింది.

బాలమణిది నల్గొండ దగ్గర పల్లె. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఎడమ మూల నిలబడి పట్టేది. కూతకొచ్చిన పిల్ల ఆమె మూలకి వచ్చిందంటే తిరిగి గీత దాటడం కల్ల. కానీ రాష్ట్ర జట్టు ఎంపిక రోజున, కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి నోటుపుస్తకంలో ఆమె పేరు పక్కన ఏదో ఒక్క మాట రాసుకున్నాడు. "నిలబడి చూస్తది, కదలది" అని రాశాడని తరవాత ఎవరో చెప్పారు. ఎవరినడగాలో తెలియలేదు, అడిగితే చెప్పేవాడూ లేడు. పదకొండేళ్ళయినా ఆ పుస్తకం తలుచుకుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నలభై ఏడో నంబరు కుర్రాడు లైన్‌బ్యాకర్. అంటే ముందు వరసలో కొట్టుకునే ఏనుగుల్లాంటి వాళ్ళకి నాలుగు గజాల వెనక నిలబడి, బంతి ఎటు పోతోందో చూసి, పట్టుకుపోయేవాడి మీద పడేవాడు. ఫిబ్రవరిలో బాలమణి రోజుకి ముగ్గుర్ని లెక్క కట్టాల్సి వచ్చి పాదాలే చూసింది గానీ మనిషిని చూడలేదు. ఈసారి లెక్క పక్కన పెట్టి, మూలన నిలబడి పట్టేదాని కంటితో మొదటి ఆట మొత్తం చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీలో ముందుకి జరిగింది.

వాడు మోసపోవడం లేదు. ఎదుటివాళ్ళు బంతి ఒకడికి ఇచ్చినట్టు నటించి ఇంకొకడికి ఇస్తారు. మిగతా వాళ్ళంతా ఆ నటనకి పరిగెత్తుకుపోతుంటే వీడు మాత్రం ఒక్క రెప్పపాటు ఆగి, అసలు వాడి మీదకే పోతున్నాడు. ఆ ఆగడమేమిటో ఆమెకి తెలుసు. కూతకొచ్చిన మనిషి చేత్తో మోసం చేస్తుంది, కళ్ళతో మోసం చేస్తుంది, బరువు మోసే కాలితో మాత్రం చెయ్యలేదు. పట్టేవాళ్ళు ఆ కాలు కోసం ఆగుతారు. తక్కిన ఐదు ఆటలూ గబగబా తిప్పి చూసి, మొత్తం ఆరింటిలో అలాంటి నటనలు అరవై ఒకటి లెక్కపెట్టింది. వాడు మోసపోయింది రెండే సార్లు. అలాగని వాడు అర్జునుడేమీ కాదు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు మీద చెయ్యి వేస్తే విడిపించుకోలేక తంటాలు పడుతున్నాడు, మనిషి ఇంకో ఏడెనిమిది కిలోలు పెరగాలి. నాలుగో రౌండు, కాదంటే ఐదో రౌండు కుర్రాడు. అంతకన్నా పైన అంటే అబద్ధం, పనికిరాడంటే అన్యాయం.

సరే, ఆగి కదులుతాడు, కానీ ఆ ఆగడం అంత పొడుగ్గా లేదే. కంటికి వాడు పక్కవాడితో పాటే లేస్తున్నాడు. షీటులో మాత్రం సున్నా పాయింట్ ఆరు. పదిహేను బొమ్మలు, ఇరవై ఐదుతో భాగిస్తే సున్నా పాయింట్ ఆరే. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే. కన్ను ఒకటి చెబుతోంది, లెక్క ఇంకొకటి చెబుతోంది. అప్పుడు మైదానం వెనక స్కోరు బోర్డు మీద గడియారం కనిపించింది. సెకను సెకనుకీ ఎర్ర అంకె మారుతోంది. ఊరికే, చెయ్యి ఊరుకోక, ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య ఎన్ని బొమ్మలున్నాయో నొక్కుతూ పోయింది. ఇరవై ఐదు రావాలి. ముప్పై వచ్చాయి.

మళ్ళీ నొక్కింది. ముప్పై.

బాలమణికి అప్పుడు తెలిసింది. వీడియో అంటే గబగబా తిరిగే ఫొటోలే. ఇంగ్లండులో సెకనుకి ఇరవై ఐదు తిరిగితే అమెరికాలో ముప్పై తిరుగుతాయి. పెద్ద కాలేజీల నుంచి టేపులు వచ్చేవి, వాటిని మూలనున్న మెషీనులో పెట్టి ఇంగ్లండు పద్ధతికి మార్చుకునేవారు. వాటికి ఇరవై ఐదు సరైన లెక్కే. చిన్న కాలేజీలు మాత్రం ఎవరో స్టూడెంటు చేత కంప్యూటర్‌లో ఎక్కించి డిస్కులు పంపేవి. డిస్కు నేరుగా కంప్యూటర్‌లో ఆడుతుంది, మెషీను జోలికి పోనక్కర్లేదు. ముప్పై బొమ్మల సెకను ముప్పై బొమ్మల సెకనుగానే ఉండిపోతుంది. దాన్ని వీళ్ళు గోడ మీది కాయితం చూసి ఇరవై ఐదుతో భాగించారు. వాడి తొలి అడుగు నిజానికి అర సెకను. అంటే చిన్న కాలేజీలో చదవడమే వాళ్ళు చేసిన పాపం, అక్కడి కుర్రాళ్ళంతా ఈ మూడు గదుల్లో బద్ధకస్తులైపోయారు.

ఆ ఏడాది డిస్కుల మీద వచ్చినవాళ్ళు పన్నెండు మంది. పన్నెండు మంది పేర్ల పక్కనా "ఆలస్యం" అనే ఉంది. నోటుపుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్నది ఈసారి తనే. ఆ మాట తట్టగానే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి శేషగిరి గదిలోకి వెళ్ళింది.

"సార్, డిస్కుల లెక్క మొత్తం తప్పున్నది. ముప్పైతోని భాగించాలె. మనం ఇరవై అయిదుతోని చేస్తున్నం."

శేషగిరి టీ కప్పు కింద పెట్టి, లేచి తలుపు మూశాడు. "కూర్చోమ్మా" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అదే, ముప్పై సంగతి. క్రిస్మస్‌కి ముందు మెషీను సర్వీసుకి వచ్చినతను చెప్పాడు."

బాలమణి మనసులో నెలలు లెక్కపెట్టుకుంది. ఫిబ్రవరి షీట్లు క్రిస్మస్ తరవాత చేసినవి. "తెలిసినంక గూడ మాతోని గదే లెక్క చేయించిన్రా?"

"అరవకమ్మా, బయట వింటారు. ఇప్పుడు తప్పయిందని చెబితే మూడేళ్ళ షీట్లన్నీ తిరగదోడతారు. కాంట్రాక్టు పోతుంది. నాది సరే, ఎనిమిది ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. ఆ ఉసురు నీకెందుకు చెప్పు. డ్రాఫ్టు అయిపోనీ, మే నెల్లో ఆ గోడ మీద కాయితం నేనే మార్చేస్తాను. ఎవరికీ తెలియదు."

"మరి ఈ పన్నెండు మంది పిల్లలు?"

"వాళ్ళేమన్నా మన చుట్టాలా? వాళ్ళ దేశంలో వాళ్ళకి దిక్కు లేదా? కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా. మళ్ళీ చూశాం, మునుపటి లెక్కే సరి అని రెండు ముక్కలు రాసి నా టేబుల్ మీద పెట్టెయ్. మన తెలుగువాళ్ళం మనం, లోపల మాట బయటికి పోకూడదు."

తప్పు తెలియక చేసినవాళ్ళని ఒక దెబ్బ కొట్టి వదిలెయ్యవచ్చు. తెలిసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పైగా ఆ తప్పుని ఎనిమిది మంది ఆడవాళ్ళ కొంగు చాటున దాచిపెట్టేవాడిని ఏం చెయ్యాలి? బాలమణి బయటికి వచ్చేసింది. రెండు ముక్కలూ రాయలేదు. మూడు కొట్టగానే కోటు వేసుకుని బడికి వెళ్ళి కూతురు సహస్రని తీసుకుని ఇంటికి పోయింది. దారంతా సహస్ర బడి కబుర్లు ఇంగ్లీషులో చెబుతూనే ఉంది, ఈమె మనసులో ముప్పైతో భాగించుకుంటూ నడిచింది. మంగళవారం, బుధవారం తక్కిన ఐదు ఆటలూ ముప్పై లెక్కన కట్టుకుంది. శేషగిరి రెండుసార్లు వచ్చి "రాశావా అమ్మా?" అని అడిగాడు. "రాస్తున్న" అంది. అది అబద్ధం కాదు.

బుధవారం సాయంత్రం గిన్నెలు సింకులో పడేస్తున్న చప్పుడుకి భర్త పాండురంగం వంటింట్లోకి వచ్చాడు. ఆయన ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు. ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి. సంగతంతా విన్నాడు.

"అంటే తప్పు చేసిన అని నీ అంతట నువ్వే చెప్పుకుంటవా?"

"చేసింది నేనే గద."

"శేషగిరి ఊకోడు. నౌకరి తీసేస్తడు."

"తీసేస్తే తీసేయనియ్. నాకు ఒకడు గిట్లనే రాసిండు. వాడు ఎవడో నాకు ఇప్పటిదాంక తెల్వదు. గీ పిల్లగానికి గట్ల కావొద్దు."

పాండురంగం గిన్నె ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే అన్నాడు: "ఫోన్ల ముందుగాల లెక్క చెప్పు. సారీ తర్వాత చెప్పు. సారీతోని షురూ చేస్తే అమెరికావోడు లెక్క వినకముందే ఫోన్ పెట్టేస్తడు."

గురువారం బాలమణి సెలవు పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి, అంటే అక్కడ పొద్దున తొమ్మిదికి, వంటింట్లో నిలబడి, ఇండియాకి మాట్లాడే కార్డు మీద అమెరికాకి ఫోను చేసింది. డగన్ గొంతు బొంగురుగా ఉంది. ఆమె ముందు లెక్క చెప్పింది. అరవై ఒక్క నటనల్లో రెండే సార్లు మోసపోయాడని చెప్పింది, పెద్దవాళ్ళ చేతుల్లోంచి విడిపించుకోలేడని కూడా దాచకుండా చెప్పింది. తొలి అడుగు అర సెకను అంది. ఆయన అంతా విని, ఫిబ్రవరిలో లెక్కపెట్టింది ఎవరని అడిగాడు.

"నేనే" అంది. అప్పుడు సారీ కూడా చెప్పింది.

మరి అప్పుడు చెప్పింది అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మను అన్నాడాయన. అడగవలసిన మాటే. నమ్మవద్దని చెప్పింది బాలమణి. మీ దగ్గరా ఆ డిస్కు ఉంది కదా, వెనక స్కోరు బోర్డు గడియారం కనిపిస్తుంది, అంకె మారినప్పటి నుంచి మళ్ళీ మారే దాకా మీరే లెక్కపెట్టుకోండి అంది. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తరవాత టక్ టక్ మని మీట నొక్కుతున్న చప్పుడు వినిపించాయి. ఆమె కూడా మనసులో లెక్కపెడుతూ నిలబడింది. ముప్పై దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన ఇంగ్లీషులో ఒక బూతు మాట అన్నాడు. ఆ మాటకి అంత సంతోషం కలుగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఇంకా ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారన్నాడు. పదకొండు మంది, వాళ్ళవి ఇంకా లెక్కపెట్టలేదంది. జాబితా మూసే లోపల అది కాని పని, కానీ డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని పిల్లల్ని కూడా ఆ తరవాత రెండు మూడు రోజుల్లో క్లబ్బులు ఫోన్లు చేసి శిబిరాలకి పిలుస్తాయి, సోమవారంలోగా అంకెలొస్తే నేను చూసుకుంటాను అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆఫీసుకి వెళ్తే ఆమె కంప్యూటర్ పక్కన డిస్కులు లేవు. శేషగిరి వాటిని అలమారలో పెట్టి తాళం వేసుకున్నాడు. మునుపటి లెక్కే సరి అని ఆ రెండు ముక్కలూ తనే రాసి పంపేశానని చెప్పాడు. ఆమె ఎంత అడిగినా తాళం చెవి ఇవ్వలేదు.

ఆదివారం సాయంత్రం పాండురంగం కంప్యూటర్ ముందు కూర్చుని డ్రాఫ్ట్ ఫలితాల పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తూ పోయాడు. నాలుగో రౌండు అయిపోయింది, పేరు లేదు. బాలమణి చపాతీ పిండి కలుపుతూ కలుపుతూ వచ్చి చూసి పోతోంది. ఐదో రౌండు సగంలో కర్టిస్ హోలోవే పేరు వచ్చింది. డగన్ క్లబ్బే తీసుకుంది. బాలమణి పిండి చేతులతోనే కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. తక్కిన పదకొండు మందిలో ఒక్కడి పేరూ రాలేదు, ఏడో రౌండు చివరిదాకా చూశారు.

సోమవారం పొద్దున ఆమె మెట్లెక్కేసరికి శేషగిరి లడ్డూల డబ్బా తెరిచి అందరికీ పంచుతున్నాడు. రెండో చేతిలో ఫ్యాక్స్ కాయితం.

"రామ్మా బాలమణీ, నీ కోసమే చూస్తున్నాం. డగన్ గారు మనల్ని ఆకాశానికెత్తారు. మీ రెండో పరిశీలన వల్లే ఈ కుర్రాడు మాకు దక్కాడు అని రాశారు. అందుకే చెప్తుంటాను, మళ్ళీ చూడాలి, ఓపిగ్గా చూడాలి అని. బాలమణికి నేను పట్టుబట్టి మళ్ళీ చూడమన్నాను. చూసింది. ఇది మన బ్రోషర్‌లో మొదటి పేజీలో వేయిస్తాను." ఎదురుగా ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

సొమ్మొకడిది, సోకొకడిది. అది కూడా బాలమణి ఓర్చుకునేదే. కానీ ఆయన చేతిలో ఫ్యాక్స్ అడుగు భాగం వెనక్కి మడిచి ఉంది.

"కింద మడిచింది గూడ చదువుండ్రి సార్" అంది.

"అదేదో వాళ్ళ సంతకాలమ్మా."

ఆమె చెయ్యి చాచి ఆ కాయితం తీసుకుంది. లాక్కుంది అన్నా తప్పులేదు. మడత విప్పి పైకి చదివింది. తక్కిన పదకొండు మంది సరైన లెక్కలు ఈ రోజే కావాలి, పిల్లల్ని శిబిరాలకి పిలవడం మొదలైపోయింది, అని ఉంది. లడ్డూ నోట్లో పెట్టుకోబోతున్న ఆదిలక్ష్మి ఆగిపోయింది. ఆమె ఆఫీసులో అందరికన్నా పెద్దది, కాకినాడ మనిషి, శేషగిరి మాట జవదాటనిది.

"ఏవిటా పదకొండు?" అని అడిగింది.

బాలమణి చెప్పింది. గోడ మీది కాయితం సంగతి, స్కోరు బోర్డు సంగతి, క్రిస్మస్ ముందే సార్‌కి తెలిసిన సంగతి, మనందరి నౌకరీల పేరు చెప్పి ఊకుండమన్న సంగతి. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది, తగ్గించుకోవాలని కూడా అనుకోలేదు. తరవాత షీట్లు తీసి, ఒక్కొక్క కుర్రాడి పేరూ, ఆ లెక్క కట్టిన మనిషి పేరూ చదివింది.

"నావెన్ని?" అంది ఆదిలక్ష్మి.

"నాలుగు, ఆంటీ."

ఆదిలక్ష్మి లడ్డూ తీసుకెళ్ళి డబ్బాలో పెట్టేసింది. "శేషగిరి గారూ, నా చేత నలుగురు పిల్లల నోటి దగ్గర కూడు తీయించారా మీరు? అదీ మా ఉద్యోగాల కోసవని చెప్పి? మేం మిమ్మల్ని అలా అడిగామా?" ఆమె ఎప్పుడూ అంత పొడుగు మాట మాట్లాడలేదు. "ఆ తాళంచెవి ఇటివ్వండి."

ఆయన "చూడండమ్మా, మీకు తెలియదు" అని ఏదో మొదలుపెట్టాడు. ఎనిమిది మందీ లేచి నిలబడి ఆయన వైపే చూస్తున్నారు. ఆయన జేబు తడుముకున్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు మూడింటికి ఎవరూ లేవలేదు. పిల్లల్ని తెచ్చుకోమని భర్తలకి ఫోన్లు చేశారు. బడి దగ్గరికి ఏ గేటు నుంచి వెళ్ళాలో తెలియని భర్తకి, వాళ్ళందరిలో చిన్నదైన లాస్య రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఐదున్నరకి పదకొండూ పూర్తయ్యాయి. తొమ్మిది మంది ఆలస్యం కాదు. ఇద్దరు నిజంగానే ఆలస్యం, అది కూడా ఉన్నదున్నట్టే రాశారు.

బాలమణి కాయితాలు పట్టుకుని వెళ్ళేసరికి శేషగిరి ఫ్యాక్స్ మెషీనుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇది వెళ్ళిందంటే రేపు కంపెనీ ఉండదు, ఆలోచించుకోండి అన్నాడు. ఆ మాట నిజం కావచ్చని వాళ్ళందరికీ తెలుసు.

"జరుగుండ్రి సార్" అంది బాలమణి. "అక్కడ పిల్లగాండ్లు ఫోన్ల కాడ కూసున్నరు."

ఆయన జరిగాడు.